1970 చెవీ సీ10: పాత ఆరు సిలిండర్ల ఇంజనే బిగించాలా, ఎల్ఎస్ వెయ్యాలా?

తెనాలి_టు_టెక్సాస్
కడుపు మంటతో రాస్తున్నా, పొడుగైతే తిట్టుకోకండి. మూడేళ్ల కిందట టెక్సాస్‌లో వేకో దగ్గర ఒక రాంచ్‌లో 1970 చెవర్లే సీ10 పికప్ ట్రక్కు కొన్నా. లాంగ్ బెడ్, అంటే వెనక తొట్టి పొడుగుది, ఆకుపచ్చ మీద తెల్ల పట్టీ. 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, స్టీరింగు కాడకే మూడు గేర్లు, నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. పవర్ స్టీరింగు లేదు, ఏసీ లేదు. అయినా నడిచేది. నా బుద్ధి గడ్డి తిని, 5.3 లీటర్ల ఎల్ఎస్ ఇంజన్ (చెవీ వాళ్ల కొత్త తరం వీ8) వేయిద్దామని ఒక షాపులో అడ్వాన్సు కట్టి అప్పజెప్పా. పదకొండు నెలలు. ఫోన్ చేసినప్పుడల్లా "వచ్చే వారం". చివరికి బండిని ట్రైలర్ మీద తెచ్చుకున్నా. ఇంజనూ గేర్‌బాక్సూ ఒక చెక్క పలక మీద, బోల్టులన్నీ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో. ఏ డబ్బా మీదా ఏది దేనిదో ఒక్క ముక్క రాసి లేదు. కొత్త ఇంజన్ ఊసే లేదు. అడ్వాన్సులో సగం వెనక్కొచ్చింది, మిగతా సగానికి నీళ్లు వదిలేశా.

ఇప్పుడు గ్యారేజీ నిండా ఈ సామాను, మా ఆవిడ కారు బయట వడగళ్లలో. చేతిలో పన్నెండు వేల డాలర్లున్నాయి. పాత ఇంజనే బిగించుకోనా, ఎల్ఎస్‌కే పోనా, ఉన్నది ఉన్నట్టు అమ్మేసి దండం పెట్టనా?

కరీంనగర్_కార్బురేటర్
గింత సోచాయించుడెందుకన్నా. ఎల్ఎస్ ఏసెయ్. నాది 71 సీ10, పోయినేడు 5.3 ఏయించిన. తాళం తిప్పితే స్టార్ట్, చలికాలం కూడా. పాత సిక్స్ ఎవరికన్న దానం జెయ్.

పాతఇనుము_తాత
వచ్చిందయ్యా మొదటి సలహా. నేను మిషిగన్‌లో ముప్పయ్యేళ్లు ఇంజన్ల మధ్యే బతికి రిటైరయ్యాను. ఆ 250లో క్రాంక్ షాఫ్టుని ఏడు మెయిన్ బేరింగులు మోస్తాయి. దానంతటది చెడిపోదు, మనం పని గట్టుకుని చెడగొట్టాలి. బిగించుకో. తెనాలిలో మీ ఇంటి దూలం బాగానే ఉంటే మార్చేవాడివా?

స్పానర్_సుబ్బడు
తాతగారూ, దూలం బాగుందో లేదో మనం ఇంకా చూడలేదు కదండీ. తెనాలి గారూ, ముందు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, ఛాసీ నంబరు సీఎస్‌తో మొదలవుతుందా, సీఈతోనా? ఎస్ అంటే ఫ్యాక్టరీ నుంచే ఆరు సిలిండర్లు, ఈ అంటే వీ8. రెండోది, గ్లవ్‌బాక్స్ తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది, బండిని ఏమేం తొడిగి బయటికి పంపారో దాంట్లో ఉంటుంది. అది మిగిలుందా? ఇంకోటి, క్యాబ్ వెనక కింది మూలలు, తలుపుల కింద గడపలా ఉండే రేకు రాకర్లు, కార్పెట్ ఎత్తి నేల, ఈ మూడూ దగ్గర్నుంచి ఫొటోలు పెట్టండి. ఇంజన్ సంగతి తర్వాత.

తెనాలి_టు_టెక్సాస్
సీఎస్. కాగితం ఉంది, కానీ సగం ఎలక తినేసింది. మిగిలిన సగంలో వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.73 అని కనిపిస్తోంది. డ్రైవర్ వైపు రాకర్‌లోకి స్క్రూడ్రైవర్ పొడిస్తే అప్పడంలా దిగిపోయింది. కుడివైపు గట్టిగానే ఉంది. నేల పర్లేదు, డ్రైవర్ కాళ్ల దగ్గర అరచేతి అంత కన్నం. ఫొటోలు పెట్టా.

సీమ_సైలెన్సర్
అప్పడం అంట! ఒక కన్నం కనపడిందంటే లోపల పది దాక్కున్నట్టు లెక్కప్పా.

స్పానర్_సుబ్బడు
ఫొటోలు చూశా. ఇది టెక్సాస్ బండి, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరగలేదు, అదృష్టం. ఒక రాకరు, ఒక నేల అతుకు. రేకు ముక్కలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, వెల్డింగు వచ్చినవాడికి రెండు వారాంతాల పని. తలుపు మూసి, సందులు కొలుచుకున్నాకే రాకరు కోయించండి. లేకపోతే తర్వాత తలుపు మూతపడదు.

ఇక ఎల్ఎస్ లెక్క. అందరూ "యార్డులో 5.3 చవక" అంటారు. నిజమే, 1999 నుంచి 2007 దాకా చెవీ సిల్వరాడోల్లో, టాహోల్లో వచ్చిన ఎల్ఎమ్7 అనే 5.3 పాత బండ్ల యార్డుల్లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. ఇంజన్ చవకే. పెళ్లి ఖర్చు తాళిబొట్టుతో అయిపోతుందా? మీ పాత కార్బురేటర్‌కి పెట్రోలు నాలుగైదు పీఎస్ఐ ప్రెషర్‌తో వస్తే చాలు, ఇంజన్ పక్కనున్న చిన్న పంపు తోసేస్తుంది. 5.3కి 58 పీఎస్ఐ కావాలి. అంటే కరెంటు పంపు, కొత్త లైన్లు, రెగ్యులేటరు. మీ ట్యాంకు సీటు వెనక, క్యాబ్ లోపలుంది. ఆ ప్రెషర్ లైను క్యాబ్‌లోంచి లాగడం నాకైతే ఒప్పదు, కాబట్టి ట్యాంకు బెడ్ కిందకి. ట్రక్ ఆయిల్ పాన్ కిందకి వేలాడుతుంది, మార్చాలి. ఏసీ కంప్రెసర్ కుడివైపు కింద ఉంటుంది, అది పాత ఫ్రేముకి కొట్టుకుంటుంది. రేడియేటర్‌కి ఆవిరి గొట్టం విడిగా ఇవ్వాలి. వైరింగ్ విడదీసి, కంప్యూటర్‌లో దొంగతాళం తీయించాలి. 4ఎల్60ఈ గేర్‌బాక్స్ వేస్తే దానికి స్పీడోమీటర్ కేబులు ఉండదు, మీ పాత మీటరు ముల్లు కదలదు, దానికో పెట్టె. డ్రైవ్ షాఫ్టు కోయించాలి. ఇవన్నీ కలిపితే, మీరే చేసుకున్నా, పన్నెండు వేలు అయిపోతాయి. బ్రేకులకి పైసా మిగలదు.

కరీంనగర్_కార్బురేటర్
సుబ్బడన్న చెప్పింది కరెక్టే, దాచుడెందుకు. నాక్కూడ అనుకున్నదానికి డబుల్ అయింది. ఇంట్ల ఇంక చెప్పలే 😅

మాధవి_మిల్వాకీ
నలుగురు మగాళ్లు పొద్దుణ్నుంచి ఇంజన్ గురించే కొట్టుకుంటున్నారు. ఆయనది నాలుగు డ్రమ్ముల బండి, పెడల్ తొక్కుడుకి బలమిచ్చే బ్రేకు బూస్టర్ కూడా లేదు. ఎవరైనా ఆ మాట ఎత్తారా?

మాది 69. మా ఆయన ముందు ఇంజన్‌కి రంగేసుకుని, క్రోము మూతలు పెట్టుకున్నాడు. ఒకరోజు వాన వెలిశాక నేను తోలుకెళ్తున్నా. సిగ్నల్ దగ్గర ముందున్న మినీవ్యాన్ ఆగింది, నేను బ్రేకు తొక్కా. కుడి డ్రమ్ములోకి నీళ్లు పోయినట్టున్నాయి, ఎడమది ఒక్కటే పట్టింది. బండి మొత్తం ఎదురు లేన్‌లోకి లాగేసింది. అవతల ఎవరూ రాకపోబట్టి ఇది రాస్తున్నా. ఇంటికొచ్చి తాళం ఆయన చేతిలో పెట్టి, డిస్కులు వేసేదాకా నేను ఎక్కనని చెప్పా. నెలరోజుల్లో వేశాడు.

కంపెనీ వాళ్లే 1971 నుంచి వీటికి ముందు డిస్కులు ఇచ్చారు. ఏడాది తేడాలో పోయింది మీ అదృష్టం.

తెనాలి_టు_టెక్సాస్
మాధవి గారూ, చదువుతుంటే అరచేతులు చెమట పట్టాయి. నాకూ వానలో ఒకసారి ఎడమకి లాగింది. టైర్లలో గాలి తేడా అనుకుని ఊరుకున్నా. 71 బండి ముందు సామాను పాతది దొరికితే నేరుగా ఎక్కుతుందా?

స్పానర్_సుబ్బడు
ఎక్కుతుంది. కానీ ఒక తిరకాసు. 70 దాకా సీ10 చక్రానికి ఆరు బోల్టులు, 71 నుంచి ఐదు. 71 సామాను వేస్తే ముందు ఐదు, వెనక ఆరు అవుతుంది. స్టెప్నీ ఒకటే పెట్టుకుంటే సరిగ్గా రెండో వైపు చక్రమే పంచరవుతుంది, రాసిపెట్టుకోండి. ఆరు బోల్టుల డిస్కు కిట్లు విడిగా ఉన్నాయి, అవి కొనండి. బూస్టరు, డిస్కు-డ్రమ్ము మాస్టర్ సిలిండరు, వెనక్కి ప్రెషర్ తగ్గించే వాల్వు, మూడూ కలిపే వేయండి. మాధవి గారు ముందే గుర్తుచేసినందుకు థాంక్స్, నేనే మొదట అడగాల్సింది.

ఈవీ_ఈశ్వర్
ఇంజనే లేదు కదా, ఎలక్ట్రిక్ చేసెయ్యొచ్చుగా? చెవర్లే వాళ్లే 2018లో అమెరికాలో జరిగే సెమా బండ్ల షోకి 1962 సీ10ని రెండు మోటార్లతో తెచ్చారు, ఈ-10 అని. 2021లో ఫోర్డ్ తన 1978 ఎఫ్-100 పికప్‌కి మాక్-ఈ ఎలక్ట్రిక్ కారు మోటార్లు పెట్టి 480 హార్స్‌పవర్ అంది. ఒక్కో మోటారు 3,900 డాలర్లకి అమ్మారు కూడా.

పాతఇనుము_తాత
మోటారు 3,900. బ్యాటరీ?

ఈవీ_ఈశ్వర్
అది విడిగా.

సీమ_సైలెన్సర్
ఎద్దు మూడువేలు సామీ, గడ్డికి మాత్రం పొలం రాసియ్యాల.

పాతఇనుము_తాత
నేనూ మూర్ఖుణ్ని కాదు, ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. ఆ 250కి 1970 బ్రోచర్లో 155 హార్స్‌పవర్ అని ఉంటుంది. అది గ్రాస్ లెక్క, ఇంజన్‌ని విడిగా పెట్టి కొలిచింది. 1972లో, సామానంతా తొడిగి కొలిచే నెట్ లెక్కకి మారాక అదే ఇంజన్ 110 అయింది. ఇంజన్ పెద్దగా మారలేదు, కొలతే మారింది. అంటే నువ్వు తోలింది ఇంచుమించు 110 బండి. 5.3 అంటే 270 పైన. తేడా లేదని నేననను. కానీ నీకు ఎందుకు కావాలి అంత? రోజూ ఆఫీసుకా, ఆదివారం గుడికా?

తెనాలి_టు_టెక్సాస్
ఆదివారమే తాతగారూ. గుడి 35 మైళ్లు, హైవే మీదే. అక్కడే చిక్కు. అందరూ 75 మైళ్ల వేగంలో పోతుంటారు, నేను 60 దాటితే ఇంజన్ గోల పెడుతుంది. అమ్మాయికి ఆరేళ్లు, తనూ వస్తానంటుంది.

స్పానర్_సుబ్బడు
గోల ఇంజన్‌ది కాదు, గేర్‌ది. 28 అంగుళాల టైరు, 3.73 యాక్సిలు, హైవే మీద ఇంజన్‌ని నెమ్మదిగా తిరగనిచ్చే ఓవర్‌డ్రైవ్ గేరు లేదు. 70 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి 3,100 సార్లు తిరుగుతుంది. 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్స్ అయితే అదే వేగానికి 2,200. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: మీ 250 వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట, బెల్‌హౌసింగ్ బోల్టుల వరస, చెవీ చిన్న వీ8 వరస ఒకటే. అంటే 1982 నుంచి వచ్చిన 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీ పాత ఇంజన్‌కే బిగుస్తుంది. కంప్యూటర్ అక్కర్లేదు. కార్బురేటర్ నుంచి దానికి వెళ్లే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబులు మాత్రం సరిగ్గా అమర్చాలి, తప్పితే క్లచ్చులు మాడతాయి. కాడ గేరు పోతుంది, అదొక్కటే బాధ.

మాధవి_మిల్వాకీ
అమ్మాయి ఎక్కుతుందంటే మరో మాట. మీ బండిలో నడుముకి కట్టే బెల్టులేగా ఉన్నాయి? భుజం మీంచి వచ్చేవి వేయించండి. తలుపు వెనక స్తంభంలో ఊరికే రేకుకి బిగించొద్దు, వెనక మందపు ప్లేటు వేయాలి. సీటు వెనక సుమారు 20 గాలన్ల పెట్రోలు పెట్టుకుని పిల్లని కూర్చోబెట్టడం నాకైతే ఇష్టం లేదు. మేం ట్యాంకు వెనక ఫ్రేము పట్టాల మధ్యకి దించాం, చెవీ బ్లేజర్ మోడల్ ట్యాంకు. క్యాబ్‌లో పెట్రోలు వాసన పోయింది, సీటు వెనక సంచులకి చోటొచ్చింది.

నెల్లూరు_నట్టు
చదివేవాణ్ణి, ఎప్పుడూ రాయను. ఒక డౌటు. లాంగ్ బెడ్ కోసి షార్ట్ బెడ్ చేస్తే రేటు పెరుగుతుందంటారు కదా? వీల్‌బేస్ 127 నుంచి 115 అంగుళాలు, పన్నెండు అంగుళాలేగా.

పాతఇనుము_తాత
పన్నెండు అంగుళాలే. నా కాలు కూడా పన్నెండు అంగుళాలు కోస్తే నేను షార్ట్ బెడ్ అవుతా.

కరీంనగర్_కార్బురేటర్
తాతా 🤣🤣

స్పానర్_సుబ్బడు
రేటు మాట నిజమే, షార్ట్ బెడ్‌లకి గిరాకీ ఎక్కువ. ఫ్రేము కోసి అతికించేది బాగా చేసినవాళ్లున్నారు, చూసి భయపడినవీ ఉన్నాయి. గుడికెళ్లే బండికి ఎందుకు? ఇంకో నిష్ఠూరమైన మాట కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆరు సిలిండర్ల లాంగ్ బెడ్‌ని "ఒరిజినల్" అని దాచుకున్నా వేలంలో ఎవడూ ఎగబడడు. తాతగారూ, కోపం తెచ్చుకోకండి. కాబట్టి డబ్బు లెక్క పక్కన పెట్టి, ఆయనకి ఏది ఇష్టమో అది చేసుకోమనండి.

నెల్లూరు_నట్టు
ఇంకొక్కటి. ఇండియాకి తెచ్చుకోవచ్చా? మా ఊరి సంక్రాంతికి తోలాలని.

స్పానర్_సుబ్బడు
పాతబండి దిగుమతికి మామూలు రూలు: మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ బండ్లకి రూలు వేరే, అది కనుక్కోవాలి. మీ సంక్రాంతికి ఎడ్లబండే బెస్టు.

సీమ_సైలెన్సర్
టెక్సాస్‌లో ఈ బండ్లకి పొగ పరీక్ష ఉందా?

కరీంనగర్_కార్బురేటర్
లేదన్నా. 24 ఏండ్లు దాటితే పొగ పరీక్ష లేదు. 2025 జనవరి నుంచి మామూలు బండ్లకు సేఫ్టీ తనిఖీ గూడ తీసేసిన్రు. అంటే బ్రేకు ఉందా లేదా ఎవ్వడు చూడడు, మనమే చూస్కోవాలె.

తెనాలి_టు_టెక్సాస్
అందరివీ రెండుసార్లు చదివా. నిర్ణయం: ముందు డిస్కులు, బెల్టులు, ట్యాంకు, రాకరు. ఆ తర్వాత పాత 250. ఎల్ఎస్ లేదు. 700ఆర్4 సంగతి డబ్బు మిగిలితే. ఏసీ మాత్రం కావాలి, ఆగస్టులో ఈ క్యాబ్‌లో కూర్చుంటే పకోడీలా వేగిపోతాం. మార్చిలో మా నాన్నగారు ఆరు నెలలకి వస్తున్నారు.

మాధవి_మిల్వాకీ
మిల్వాకీలో ఉండి ఏసీ సలహా ఇస్తే నవ్వుతారు. మీ టెక్సాస్‌లోనే, శాన్ ఆంటోనియోలో వింటేజ్ ఎయిర్ అనే కంపెనీ ఉంది, 1976 నుంచి పాత బళ్ల ఏసీలే వాళ్ల పని. అక్కడ అడగండి.

స్పానర్_సుబ్బడు
ఏసీ వేసే ముందు కరెంటు చూసుకోండి. మీది బయట రెగ్యులేటరున్న పాత ఆల్టర్నేటరు. ఫ్యానూ, కంప్రెసరూ, హెడ్‌లైట్లూ కలిస్తే సిగ్నల్ దగ్గర లైట్లు గుడ్డిదీపాలవుతాయి. లోపలే రెగ్యులేటరున్నది పెట్టండి. పాత ఇగ్నిషన్ పాయింట్లు తీసి హెచ్ఈఐ అనే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వేస్తే గనక, పాత కాయిల్‌కి వచ్చే వైరు వాడొద్దు. అది రెసిస్టెన్స్ వైరు, పూర్తి 12 వోల్టులు రావు. కొత్త వైరు లాగండి. ఇది తెలియక నేను రెండు నెలలు కార్బురేటర్‌ని తిట్టా.

పాతఇనుము_తాత
పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు మొత్తం మార్చు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, పాత రబ్బరుని తినేస్తుంది. ఇంజన్ బయటే ఉంది కాబట్టి వెనక ఆయిల్ సీలు ఇప్పుడే వేసెయ్. లోపలికెళ్లాక వెయ్యాలంటే ఏడుస్తావ్.

తెనాలి_టు_టెక్సాస్
నాలుగు నెలల తర్వాత రాస్తున్నా, మరిచిపోయారనుకున్నారేమో. డిస్కులు పడ్డాయి. రాకరు పడింది, తలుపు మూతపడుతోంది. ట్యాంకు కిందకి దిగింది. ఇంజన్ ఎక్కింది, స్టార్ట్ అయింది, ఏసీ గాలి వస్తోంది.

కానీ అసలు కథ వేరే. నాన్న వచ్చారు. తెనాలిలో పద్దెనిమిదేళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బెడ్డులో చెక్కలు తట్టి చూసి, "ఇది ఏం కర్ర?" అన్నారు. పైన్ అన్నా. "టేకు దొరకదా ఇక్కడ?" అన్నారు. అదే ఆయన మొదటి సర్టిఫికెట్టు.

మొన్న శనివారం కూరగాయల షాపు పార్కింగులో గేరు ఇరుక్కుంది. రివర్సు నుంచి రెండోదానికి లాగా, కాడ మధ్యలో బిగుసుకుపోయింది, అటూ రాదు ఇటూ పోదు. వెనక రెండు కార్లు హారన్లు. నేను ఫోన్ తీసి వీడియోలు వెతుకుతున్నా. నాన్న దిగి, "బానెట్ ఎత్తు" అన్నారు. స్టీరింగు కాడ అడుగున రెండు లివర్లుంటాయి కదా, ఒకటి ఒకటికీ రివర్సుకీ, రెండోది రెండుకీ మూడుకీ. రెండూ ఒకేసారి పట్టేశాయి. పంచె పైకి ఎగ్గట్టి, చేయి పెట్టి, ఒకదాన్ని కిందకి నొక్కి రెండోదాన్ని దాని ఎదురుగా తెచ్చారు. టక్‌మని చప్పుడు. "బుష్షులు అరిగిపోయినయ్ రా. మన అంబాసిడర్‌కీ ఇంతే. ఆ కాడ ఊపేప్పుడు న్యూట్రల్లో ఒక్క క్షణం ఆపు, గబగబా లాగకు." ఒక పెద్దావిడ హారన్ ఆపి వచ్చి, మా నాన్నతో ఫొటో దిగింది.

స్పానర్_సుబ్బడు
బుష్షుల సెట్టు పది ఇరవై డాలర్లే, ఈ వారమే మార్చండి. మార్చాక రెండు లివర్లూ ఎదురెదురుగా పెట్టి, సన్న కడ్డీ దూర్చి, అప్పుడు కింద నట్లు బిగించాలి. నాన్నగారికి నమస్కారం చెప్పండి.

కరీంనగర్_కార్బురేటర్
అన్నా, 700ఆర్4 ఏస్తవా మరి?

తెనాలి_టు_టెక్సాస్
నాన్న ఉన్నంతవరకూ ఆ మాట ఎత్తలేను. ఇప్పుడు ఆయనే తోలతానంటున్నారు, ఇంటర్నేషనల్ లైసెన్సు తెచ్చుకున్నారు. హైవే వద్దని, పక్క వీధుల్లో తిప్పిస్తున్నా. ఎడమవైపు స్టీరింగు కదా, కాడ కుడిచేతికొచ్చింది. అదొక్కటే ఆయనకి చిరాకు.

పాతఇనుము_తాత
నన్ను ఆయనతో ఒకసారి మాట్లాడించు. నీతో కాదు.

మాధవి_మిల్వాకీ
వానలో బ్రేకు పరీక్షించారా?

తెనాలి_టు_టెక్సాస్
చేశా. ఖాళీ స్కూలు పార్కింగులో, జోరు వాన పడుతుండగా మూడుసార్లు. గీత గీసినట్టు ఆగింది. మా ఆవిడ పక్కనే కూర్చుంది. ఆమె కారు మళ్లీ గ్యారేజీలోకి వచ్చింది, వాన పడితే సీ10 బయట.

సీమ_సైలెన్సర్
అన్నీ సరే. ఆ ఐస్‌క్రీమ్ డబ్బాల్లో బోల్టులు ఎన్ని మిగిలినాయప్పా?

తెనాలి_టు_టెక్సాస్
నాలుగు. మూడు చిన్నవి, ఒకటి పెద్దది, బొటనవేలంత లావు.

స్పానర్_సుబ్బడు
పెద్దదాని ఫొటో పెట్టండి. అప్పటిదాకా బండి తీయకండి.